నలభయ్యో ఇల్లు

మా వీధిలో మొత్తం అరవై రెండు ఇళ్ళు. అటో వరస, ఇటో వరస, మధ్యలో రెండు బళ్ళు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సినంత దారి. వెనకటికి బిస్కెట్ల ఫ్యాక్టరీ వాళ్ళు తమ పనివాళ్ళ కోసం కట్టించిన ఇళ్ళివి. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఎవరి ఇల్లు వాళ్ళకి రాసిచ్చేసి చేతులు దులుపుకున్నారు. ఇళ్ళైతే మావయ్యాయి గానీ, వీధి కిందున్న డ్రైనేజీ గొట్టం ఎవరిదో ఎవరూ తేల్చలేదు. అది లోపల్లోపలే విరిగి కూలిపోయింది. వాన గట్టిగా పడితే మురుగు వెనక్కి తన్ని ఇళ్ళలోకి వచ్చేది. మంచినీళ్ళ పైపు కూడా దాని పక్కనుంచే పోతుంది.

నేను వీధి మొదట్లో ఇస్త్రీ చేస్తాను. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది, అప్పట్నుంచీ అదే నా బతుకు. వీధిలోకి వచ్చేవాళ్ళయినా, వీధి వదిలిపోయేవాళ్ళయినా నా బల్ల ముందునుంచే పోవాలి. ఆ తొమ్మిదేళ్ళలో వచ్చినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పోయినవాళ్ళ సామాన్ల బళ్ళు మాత్రం చూసీ చూసీ, ఏ బండిలో ఏ మంచం ఉందో గుర్తుపెట్టుకోవడం కూడా మానేశాను.

మిషనక్క సంగతి చెప్పాలి. కుట్టుమిషను మీద స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతుంది కాబట్టి చిన్నా పెద్దా అందరికీ ఆమె మిషనక్కే. నాకన్నా పదిహేనేళ్ళు చిన్నది, నన్ను పిన్నీ అంటుంది. ఆమె మొగుడు వెల్డరు. వంద మాటలడిగితే ఒకదానికి జవాబు చెప్పే రకం. వీధి గొడవలన్నీ ఆమే నెత్తినేసుకునేది. డ్రైనేజీ గురించి ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. ఎక్కడికెళ్ళినా, మీది మా పరిధిలోకి రాదమ్మా అనేవాళ్ళు. మరి ఎవరి పరిధిలోకి వస్తుందని అడిగితే అందరూ పై అంతస్తు చూపించేవాళ్ళు. "పిన్నీ, ఆ బిల్డింగుకి పైన ఇంక ఆకాశమే ఉంది" అని ఒకసారి నవ్వింది. ఆ నవ్వు చూస్తే ఏడ్చినా బాగుండేది అనిపించింది.

అలాంటి వీధికి ఒక రోజు నోటీసు వచ్చింది. సిటీలో పాడుబడ్డ పేటల్ని మళ్ళీ బాగుచేసే పథకం ఒకటి పెట్టారట. రోడ్డు తవ్వి కొత్త డ్రైనేజీ, కొత్త నీళ్ళ పైపు, దీపాలు, అన్నీ వేస్తారట. నోటీసు తెచ్చిన ఇంజనీరమ్మ చిన్నపిల్ల, ముప్ఫై కూడా ఉండవు. నా బల్ల దగ్గరే నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. వీధిలో కనీసం నలభై ఇళ్ళలో జనం కాపురం ఉండాలి. తాళం వేసి పోయిన ఇల్లు లెక్కలోకి రాదు. నెల తర్వాత ఆమే వచ్చి గడప గడపా చూసుకుని రాసుకుంటుంది. నలభై ఉంటే పని మొదలవుతుంది. లేకపోతే వీధి మొత్తాన్నీ ఖాళీ చేయించి, ఊరి చివర ఎక్కడో గదులిస్తారు. అక్కణ్ణించి మా పనులకి రావాలంటే రెండు బస్సులు మారాలి.

మురుగు భరించలేక ఇళ్ళు ఖాళీ అవుతుంటే, ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి కాబట్టి మురుగు బాగుచెయ్యం అంటారా అని మిషనక్క అడిగింది. ఇంజనీరమ్మ, రూలు తను రాసింది కాదంది.

ఆ సాయంత్రమే మిషనక్క రెండు వరసలూ తిరిగి లెక్కపెట్టింది. ముప్ఫై ఎనిమిది. ఇంకో రెండు కావాలి.

మొదట మంగలాయన్ని పట్టుకుంది. వీధి మధ్యలో ఇల్లు, ముందు గదిలోనే షాపు. నాలుగేళ్ళ కిందట షాపులోకి మురుగొచ్చి, కుర్చీలో కూర్చున్న మనిషి సగం గడ్డంతో పారిపోయిన రోజే ఆయన కూడా సామాను సర్దుకుని బావమరిది ఇంటికి పోయాడు. మిషనక్క అయిదుసార్లు వెళ్ళింది. అయిదోసారి ఆయన, ఈవిడ రోజూ వస్తుంటే మా బావమరిదికి ఇంటికొచ్చిన చుట్టాలు ఇద్దరిలా కాదు ముగ్గురిలా కనిపిస్తున్నారు, నేనే వచ్చేస్తాను అని భార్యని తీసుకుని వచ్చేశాడు. ముప్ఫై తొమ్మిది.

ఇంకొక్క ఇల్లు. మిగిలిన తాళాలన్నిటికీ మనుషులు ఏ ఊళ్ళో ఉన్నారో కూడా తెలీదు. తెలిసినది ఒక్కటే. మిషనక్క ఇంటికి గోడ కలిసే ఉన్న ఇల్లు. ఆమె తోటికోడలిది.

ఆ ఇంటి సంగతి చెప్పాలంటే ఇప్పటికీ నాకు నోరు రాదు. కానీ చెప్పకపోతే తర్వాత జరిగిందేదీ అర్థం కాదు.

మిషనక్క మొగుడిదీ, అతని అన్నదీ పక్కపక్క ఇళ్ళు. పెద్దాయన లారీ తోలతాడు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. పెద్దకోడలు, చిన్నకోడలు అక్కాచెల్లెళ్ళలా ఉండేవాళ్ళు. మిషనక్కకి పిల్లలు లేరు. తోటికోడలికి ఒక్కతే కూతురు. బక్కపల్చగా, ఒక్క క్షణం నోరు మూయకుండా ఉండేది కాబట్టి పిచ్చుక అనేవాళ్ళం. అది పెరిగింది సగం మిషను కింద, గుడ్డముక్కల్లోనే. ఏడేళ్ళప్పుడు దానికి కామెర్లు వచ్చాయి. ఆస్పత్రిలో తొమ్మిది రోజులుంది. పదో రోజు లేదు.

నీళ్ళ వల్లేనని డాక్టరు కాగితం మీద రాశాడు. తోటికోడలు ఆ కాగితం పట్టుకుని ఫిర్యాదు చేసింది. ఆరోగ్య శాఖ నుంచి ఒకాయన విచారణకి వచ్చాడు. ఆయన రాకముందే వీధిలో పుకారు లేచింది. నీళ్ళు చెడ్డవని తేలితే వీధికి సీలు వేసి అందర్నీ రోడ్డు మీద పడేస్తారని. అంతే, మా గుండెల్లో రాయి పడింది. ఆయన ఇంటింటికీ వచ్చి అడిగితే, నీళ్ళు బాగానే ఉన్నాయండి అన్నాం. అలాగని రాసిన కాగితం మీద అందరం సంతకాలు పెట్టాం. నేనూ పెట్టాను. మిషనక్కని అడిగినప్పుడు తోటికోడలు అక్కడే, గుమ్మంలోనే ఉంది. పిల్ల పోయి అప్పటికి పదిహేను రోజులు కూడా కాలేదు. మిషనక్క తల దించుకుని, పిల్ల బయట ఎక్కడ ఏం తాగిందో ఎవరికి తెలుసండీ అంది.

తోటికోడలు లోపలికెళ్ళి తలుపేసుకుంది. నాలుగు రోజుల తర్వాత సామాను బండి నా బల్ల ముందునుంచే పోయింది. ఆరేళ్ళు గడిచినా ఇద్దరూ ఒక్కమాట మాట్లాడుకోలేదు.

ఇప్పుడు ఆ మనిషి దగ్గరికే వెళ్ళాలి. మిషనక్క ఒక్కతే వెళ్ళింది. తోటికోడలు కోడిగుడ్ల గోడౌనులో పనిచేస్తుంది. చీకటి గదిలో బల్బు ముందు గుడ్డు పెట్టి చూసి, చెడిపోయినవి వేరుచెయ్యాలి. మిషనక్క వెళ్ళి పక్కన నిలబడితే ఆమె తల తిప్పలేదట. పథకం సంగతి, నలభై ఇళ్ళ సంగతి అంతా విందట. చేతిలో గుడ్డు ఆగలేదట. చివరికి, నేను ఆ ఇంట్లో అడుగు పెట్టను, తాళంచెవి మాత్రం పట్టుకుపో, ఎవర్ని పెట్టుకుంటావో నీ ఇష్టం అందట. మిషనక్క వచ్చి నాతో చెబుతూ, తిట్టినా బాగుండేది పిన్నీ అంది.

వారం తిరక్కుండానే ఒక జంట దొరికారు. అతను గోడలకి రంగులు వేస్తాడు. ఆమెకి ఆరో నెల. అప్పటిదాకా ఒక్క గదిలో, కిటికీ కూడా లేకుండా ఉన్నారట. రెండు గదులు, వెనక చిన్న పెరడు చూసేసరికి ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. ఉయ్యాల ఎక్కడ కట్టాలో అప్పుడే చూసుకుంది. గోడలకి ఏ రంగెయ్యాలని మొగుణ్ణి అడిగింది. అతను, రోజూ ఊరందరి గోడలకీ వేసేవాణ్ణి, నా గోడకి వెయ్యాలంటే బద్ధకం అన్నాడు. అందరం నవ్వాం.

అప్పుడు ఆ పిల్ల అడిగింది. "నీళ్ళు బాగుంటాయా అక్కా?"

నేను మిషనక్క వైపు చూశాను. ఆమె నీళ్ళు నమిలింది. తర్వాత, "కాచుకుని తాగమ్మా, ఈ టైములో ఎక్కడైనా అంతే కదా" అంది.

అది అబద్ధం కాదు. నిజమూ కాదు. నేనూ నోరు మెదపలేదు. నలభై పూర్తయిందన్న సంతోషం తప్ప ఆ పూట నాకు ఇంకేం కనిపించలేదు. ఇది దాచుకోవడం ఎందుకు?

ఆ రాత్రి నుంచే అనుకుంటా, మిషనక్కకి నిద్ర కరువైంది. తెల్లారకముందే లేచి మెయిన్ రోడ్డు దాకా వెళ్ళి, అక్కడి కుళాయి నుంచి రెండు బిందెలు మోసుకొచ్చేది. ఒకటి తనకి, ఒకటి ఆ పిల్లకి. మన వీధి కుళాయికి ఫోర్సు లేదమ్మా అని చెప్పేది. కాన్పయ్యేదాకా నీకు బరువులొద్దు అని చెప్పేది. ఆ పిల్ల మురిసిపోయి, సొంత అక్క కూడా ఇంత చెయ్యదు అని వీధంతా చెప్పుకునేది. ఆ మాట నా ముందు అన్నప్పుడు మిషనక్క మొహం చూడలేకపోయాను.

ఆమె తిండి తగ్గింది. యూనిఫారాల పని వెనకబడింది. ఒకరోజు చొక్కాకి రెండు కుడిచేతులే కుట్టి తెచ్చింది, నేను చూపిస్తే అలాగే చూస్తూ నిలబడిపోయింది. ఆమె మొగుడు మాటలు తక్కువ మనిషి అని చెప్పాను కదా, అలాంటివాడే ఓ సాయంత్రం నా దగ్గరికొచ్చి, నిద్రలో పిచ్చుక పేరు పిలుస్తోంది, నువ్వైనా ఏదో ఒకటి చెప్పు పిన్నీ అన్నాడు. నెల అయిపోతే పని మొదలవుతుంది, అంతవరకూ ఓర్చుకోమన్నాను.

లెక్కకి ఇంకా అయిదు రోజులుందనగా వాన పడింది. పగలంతా పడింది. మధ్యాహ్నానికి మురుగు ఎప్పట్లాగే వెనక్కి తన్నింది. నేను బట్టలన్నీ అటక మీద పడేసి, చీర ఎగ్గట్టుకుని వెళ్ళేసరికి ఆ పిల్ల పెరట్లో చీపురు పట్టుకుని, మడమల దాకా నల్లనీళ్ళలో నిలబడి ఉంది. మిషనక్క పరుగెత్తుకొచ్చి చీపురు లాక్కుని, లోపల మంచం మీద కూర్చోబెట్టింది. కాళ్ళు కడిగింది. ఆ వాసనకే ఆ పిల్ల గిన్నెలో వాంతి చేసుకుంది. చేసుకుని, సిగ్గుపడి నవ్వి, ఏమీ లేదక్కా, లోపల ఉన్నవాడికి ఈ ఇల్లు నచ్చలేదేమో అంది.

మిషనక్క ఆ గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నేల మీద కూలబడింది. పిచ్చుకకి కామెర్లు మొదలైంది కూడా అదే మంచం ఉన్న చోట, అలాగే వాంతితో. నాకు గుర్తొచ్చింది. ఆమెకి గుర్తు రాకుండా ఎలా ఉంటుంది?

అక్కడే అంతా చెప్పేసింది. ఏదీ దాచలేదు. పిల్ల సంగతి, డాక్టరు కాగితం సంగతి, నలభై ఇళ్ళ సంగతి. ఆ పిల్ల వింటూ వింటూ రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. సాయంత్రం మొగుడు వచ్చాక అతనికీ మిషనక్కే చెప్పింది, ఇంకెవరూ చెప్పకూడదని.

అతను అరవలేదు. "ఒక పిల్ల పోయిన ఇంట్లో, తెలిసి తెలిసి మా ఆవిణ్ణి పెట్టారు. మీ లెక్క కోసం" అన్నాడు. అంతే. మర్నాడు పొద్దున్నే చిన్న బండి తెచ్చాడు. ఆ పిల్ల వెళ్తూ వెళ్తూ మిషనక్క వైపు చూసింది గానీ పలకరించలేదు.

మళ్ళీ ముప్ఫై తొమ్మిది.

ఇంక వీధి వీధంతా మిషనక్క మీద పడింది. ఇంకో నాలుగు రోజులు నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేదన్నారు. నువ్వే నెత్తినేసుకుని, నువ్వే నేలకేసి కొట్టావన్నారు. మంగలాయనైనా వాళ్ళకి అడ్డుపడతాడనుకున్నాను, ఆయనా మొహం చాటేశాడు. కొందరు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించి, తీగ మీద నాలుగు బట్టలు ఆరేసి, మనుషులు పనికి పోయారని చెబుదామన్నారు. మిషనక్క ఒప్పుకోలేదు. ఆ ఇంటితో ఇంకో అబద్ధం ఆడను, కావాలంటే నన్ను వీధిలోంచి గెంటండి అంది. ఆమె మొగుడు తాళం వేసి చెవి జేబులో పెట్టుకున్నాడు.

ఇంజనీరమ్మ చెప్పిన రోజుకే వచ్చింది. రెండు వరసలూ తిరిగింది. రెండోసారి మళ్ళీ మొదట్నుంచీ తిరిగింది, ఒకటి ఎక్కడైనా తప్పిపోయిందేమోనని. తిరిగొచ్చి నా బల్ల దగ్గర నిలబడి ముప్ఫై తొమ్మిదే అంది. మిషనక్క ఆమె రెండు చేతులూ పట్టుకుని బతిమాలింది. ఒక్కటే కదమ్మా అంది. ఒకరిని ఒకరు చూసుకోలేక మేమందరం నేల చూపులు చూస్తున్నాం.

ఇంజనీరమ్మ వెళ్ళబోయి ఆగింది. ఇంకో దారి ఉంది గానీ, అది చెప్పాలో లేదో తెలీదు అంది. నీళ్ళ వల్ల మనిషి ప్రాణం పోయినట్టు రుజువుంటే ఇళ్ళ లెక్కతో పనిలేదట, వెంటనే చెయ్యాలట. మా వీధి పేరు మీద ఆరేళ్ళ నాటి ఫైలు ఒకటి ఉంది. వీధివాళ్ళంతా నీళ్ళు బాగున్నాయని రాసిచ్చారు కాబట్టి దాన్ని మూసేశారు. తల్లి మళ్ళీ అర్జీ పెట్టి, ఆస్పత్రి కాగితాలు జతచేస్తే తెరుస్తారు. వారం రోజులు టైముంది.

ఇంజనీరమ్మ వెళ్ళాక, ఇంతసేపూ మిషనక్కని తిట్టినవాళ్ళే ఇప్పుడు ఆమె వైపు చూశారు. నువ్వు వెళ్ళి అడుగు అనడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు.

మర్నాడు నన్ను తోడు రమ్మంది. గోడౌను ముందు బస్సు దిగాక, నువ్వు ముందు నడు పిన్నీ అంది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను.

తోటికోడలు బల్బు ముందు కూర్చుని ఉంది. ఆరేళ్ళలో జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి, కూర్చో పిన్నీ అంది. మిషనక్కని కూర్చోమనలేదు. మిషనక్క చెప్పడం మొదలుపెట్టి, ఆస్పత్రి కాగితాలు అన్న దగ్గర ఆగిపోయింది. అప్పుడు మొదటిసారి తోటికోడలు చేతిలో గుడ్డు కింద పెట్టింది.

"ఆ రోజు నువ్వేమన్నావో గుర్తుందా?"

మిషనక్క తలూపింది.

"అను. నీ నోటితో ఇంకోసారి అను."

"పిల్ల బయట ఎక్కడ ఏం తాగిందో ఎవరికి తెలుసు అన్నానక్కా."

"నీకు తెలీదా?"

"తెలుసు."

"మరి?"

"ఇల్లు పోతుందని భయపడ్డాను. నా ఇల్లు."

తోటికోడలు చాలాసేపు ఆమె మొహంలోకే చూసింది. పక్క బల్లల వాళ్ళు పని ఆపి చూస్తున్నారు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది, ఎందుకంటే ఆ ప్రశ్న నన్నూ అడగొచ్చు. అడగలేదు.

"అప్పుడు నా బిడ్డ మీకు అడ్డమైంది. ఇప్పుడు అవసరమైంది. కాగితాలు ఇస్తాను. కానీ అర్జీ నేను పెట్టను, మీరు పెట్టండి. నీళ్ళు తాగి చచ్చిపోయిందని మీకు తెలుసనీ, తెలిసి అబద్ధం రాసిచ్చారనీ రాయండి. ఆ రోజు సంతకం పెట్టి, ఇంకా వీధిలో ఉన్న ప్రతివాళ్ళూ మళ్ళీ పెట్టాలి."

ఆ మాటలు మేము వీధిలోకి తెచ్చేసరికి నిప్పు పెట్టినట్టయింది. ప్రభుత్వానికి అబద్ధం రాసిచ్చామని మన చేత్తోనే రాసిస్తే కేసు పెట్టరా అని కొందరు. ఆవిడ పగ తీర్చుకుంటోందని కొందరు. మిషనక్క ఎవరితోనూ వాదించలేదు. నా బల్ల మీదే కూర్చుని తెల్లకాగితం మీద రాసింది. తన మాటని తన పేరుతోనే రాసింది, ఒక్క అక్షరం మార్చకుండా. రాస్తుంటే కన్నీళ్ళు పడి రెండుసార్లు కాగితం మార్చాల్సి వచ్చింది. మొదటి సంతకం ఆమెది, రెండోది ఆమె మొగుడిది. మూడోది నాది. పెన్ను పట్టుకుంటే చెయ్యి వణికింది. జైలుకి భయపడి కాదు. ఆరేళ్ళ కిందట ఆ కాగితం మీద పెట్టినప్పుడు ఇంతలా వణకనందుకు.

నాలుగు రోజులు గడప గడపా తిరిగింది. తలుపు తియ్యనివాళ్ళున్నారు. తీసి మొహం మీదే వేసినవాళ్ళున్నారు. మంగలాయన మొదట పొమ్మన్నాడు. మూడో రోజు షాపు మధ్యలో ఆపి, చేతికంటిన నురగ తుడుచుకుంటూ వచ్చాడు. పిచ్చుకకి మొదటిసారి జుట్టు కత్తిరించింది నేనే అన్నాడు. సంతకం పెట్టి పోయాడు. ఆయన్ని చూసి ఇంకో పదిమంది వచ్చారు. అయినా ముప్ఫై తొమ్మిది ఇళ్ళలో ముప్ఫై మూడే అయ్యాయి. ఆరిళ్ళ వాళ్ళు ఎంత కాళ్ళావేళ్ళా పడినా కదల్లేదు.

ఇంకొక్క రోజే టైముంది. ప్రతివాళ్ళూ పెట్టాలని కదా ఆమె అన్నది. ఆరు తక్కువతో వెళ్ళడం దండగని వీధిలో అందరూ అన్నారు. మిషనక్క వెళ్ళింది. నేనూ వెళ్ళాను.

తోటికోడలు కాగితం బల్బు వెలుగులో పెట్టుకుని చదివింది. ఒక్కో పేరు దగ్గరా ఆగి చదివింది. మిషనక్క గోడకి ఆనుకుని నిలబడి, ఆరుగురు పెట్టలేదక్కా, నా వల్ల కాలేదు అంది. గొంతు పూర్తిగా పోయింది ఆమెకి, ఊపిరితో మాట్లాడినట్టుంది.

"ముప్ఫై మూడు" అంది తోటికోడలు. మళ్ళీ మొదటి పేరు మీద వేలు పెట్టింది. "ఆ రోజు నా వైపు ఒక్కరు పెట్టి ఉంటే చాలనుకున్నాను. ఒక్కళ్ళే."

అప్పుడు ఏడ్చింది. చప్పుడు లేకుండా, కాగితం తడవకుండా పక్కకి పట్టుకుని ఏడ్చింది. మిషనక్క దగ్గరికి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టింది. కాస్త తేరుకున్నాక లేచి, మేస్త్రీకి చెప్పి, ఇంటికెళ్ళి కాగితాలు తెచ్చింది. మా చేతికి ఇవ్వలేదు. తనే మాతో ఆఫీసుకి వచ్చింది. ఇంజనీరమ్మ ముందు ఒక్కో కాగితం తీసి పెట్టింది. కామెర్లు అని రాసినది, నీళ్ళ వల్లేనని రాసినది, చివరిది. చివరిది పెట్టేటప్పుడు చెయ్యి కాసేపు దాని మీదే ఉంచింది. ఇంజనీరమ్మ తొందర చెయ్యలేదు.

మా మీద కేసు పెట్టలేదు. విచారణలు మాత్రం జరిగాయి, రెండుసార్లు పిలిపించి తిట్టారు, పడ్డాం. నాలుగో నెలలో రోడ్డు తవ్వడం మొదలైంది. తవ్వుతుంటే కనిపించింది అసలు సంగతి. డ్రైనేజీ గొట్టం పైభాగం పగిలి, సరిగ్గా ఆ పగులులోకే మంచినీళ్ళ పైపు కుంగిపోయి ఉంది. జాయింటు దగ్గర ఎప్పుడో ఎవరో సైకిలు ట్యూబు ముక్క చుట్టారు. అది కుళ్ళి దారాల్లా వేళ్ళాడుతోంది. ఇన్నేళ్ళూ మేం తాగింది దాన్లోంచి.

ఆ రోజు తోటికోడలు వచ్చింది. ఎవరు చెప్పారో తెలీదు. గొయ్యి అంచున నిలబడి, మా ఇంటికి ఎదురుగా వచ్చే జాయింటు ఏదని పనివాణ్ణి అడిగింది. అతను చూపించాడు. దాన్ని కోసి పైకి తీసేదాకా ఎండలో అలాగే నిలబడింది. మిషనక్క కొంచెం దూరంలో నిలబడింది. ఇంటికొచ్చిన మనిషిని కాసిని మంచినీళ్ళు తాగుతావా అని అడగడం ఎవరికైనా అలవాటే కదా. ఆ మాట మిషనక్క పెదాల దాకా రావడం, ఆగిపోవడం నేను చూశాను. తోటికోడలు కూడా చూసే ఉంటుంది. వస్తానని నాకు చెప్పి, బస్సు వైపు వెళ్ళిపోయింది. తన ఇంటి గడప తొక్కలేదు.

ఇప్పుడు మా వీధిలో యాభై ఒక్క ఇళ్ళలో జనం ఉన్నారు. ఎంత వానొచ్చినా నేల పొడిగా ఉంటుంది. సంతకం పెట్టని ఆరిళ్ళ వాళ్ళూ ఆ నీళ్ళే తాగుతున్నారు, వాళ్ళనెవరూ ఏమీ అనరు. రంగులేసే అతనికి ఆడపిల్ల పుట్టిందని మంగలాయన ఎక్కడో విన్నాడు, తల్లీ బిడ్డా బాగున్నారట. మిషనక్క ఒక చిన్న గౌను కుట్టింది గానీ, పంపడానికి వాళ్ళ అడ్రసు లేదు, ఉన్నా పంపేది కాదేమో.

మిషనక్క నెలకోసారి పని త్వరగా ముగించుకుని గోడౌనుకి వెళ్తుంది. కొన్నిసార్లు తోటికోడలు మాట్లాడుతుందట, కొన్నిసార్లు అసలు తలెత్తదట. కిందటిసారి మాత్రం పక్కనున్న స్టూలు కాలితో ఇటు జరిపిందని, బయల్దేరేదాకా దాని మీదే కూర్చున్నానని చెప్పింది. ఏం మాట్లాడుకున్నారని అడిగాను. ఏమీ లేదు పిన్నీ, గుడ్లు చూశాం అంది.